మొదటి సగంలో పన్నెండు గోల్సు

రెండువేల ఏడులో మా మూలకుళం ఫుట్‌బాల్ జట్టు టౌను లీగులో పై డివిజనుకు ఎక్కింది. ఎక్కాక ఆడిన ఏడు ఆటల్లో ఆరు ఓడిపోయి, ఒకటి సమం చేసింది. ఈ లెక్క కోసం ఎవరినీ అడగనక్కర్లేదు, నా నోటుపుస్తకంలో ఉంది. మిల్లు టైమాఫీసులో ముప్పై ఒక్క సంవత్సరాలు, ఎవరు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చారో రాసిన చెయ్యి నాది. రిటైరయ్యాక ప్రతి ఆదివారం నాలుగు గంటలకు గ్రౌండు పక్కన గొడుగు వేసుకుని కూర్చుని, ఏ గోలు ఏ నిమిషంలో పడిందో రాసేదాన్ని.

జట్టులోని పిల్లలకు నేను చేసింది అదొక్కటే కాదు. జట్టు పైకి ఎక్కిన సంతోషంలో, ఆ సీజను మొదటి ఆట నుంచి ఆదివారం మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే పెట్టాను. పదహారు ఆకులు, ఐదు కిలోల బియ్యం, మూడు, తరువాత నాలుగు కిలోల మాంసంతో కొళంబు, అంటే పులుసు. వాళ్ళంతా సేదరపేట్, మేట్టుపాళయం ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవాళ్ళు. వారంలో ఒక్కరోజైనా కూర్చుని తృప్తిగా తినాలని నా ఆశ.

ఏడో ఆట ఓడిన సాయంత్రం అభిమానులు మా అరుగు మీద చేరారు. కరెంటు డిపార్టుమెంటు లైన్‌మ్యాను, నాకు వంటలో సాయం చేసే అతని భార్య, మూల మీది టైలరు.

"జట్టుకు మేనేజరంటే నోరుండాల గదా పెద్దమ్మా," అన్నాడు లైన్‌మ్యాను. "ఈయనేంది, గోడౌనులో మూట మాదిరి నిలబడుకుంటాడు."

"నేను అడిగినా," అన్నాడు టైలరు. "ఏంది సార్, మనోళ్ళు పరిగెత్తరా అంటే, చూద్దాం అన్నాడు. ఏడు వారాలుగా చూస్తానే ఉండాడు."

"మనమూ అదే గదా చేస్తా ఉండాం," అన్నాడు లైన్‌మ్యాను.

"మనం సుమ్మా, ఊరికే చూస్తాం మామా. ఆయన మేనేజరు."

లైన్‌మ్యాను భార్య మాంసం గిన్నె తోముతూ లోపలి నుంచే అంది: "ఆడించేది తెలీకపోతే పాయె, తిట్టేదన్నా తెలియాల. నేను ఈయన్ని రోజూ తిట్టడంలా?"

"దాంతో నేనేం బాగుపడినా?" అన్నాడు లైన్‌మ్యాను.

నవ్వారు కానీ ఎవరి కోపమూ తగ్గలేదు. అందరికంటే గట్టిగా మాట్లాడింది నేనే. పగలంతా స్టోర్‌కీపరుగా పనిచేసే మనిషికి లోపల ఏముందో బయటికి చెప్పే అలవాటు ఉండాలి కదా అన్నాను. ఇంకొక్క ఆట మిగిలింది. అది గెలవకపోతే కింది డివిజనుకు దిగిపోతాం. అందుకని శనివారం సాయంత్రం మీటింగు పెట్టి మేనేజరును తీసేయాలనీ, చివరి ఆట లైన్‌మ్యాను నడపాలనీ అనుకున్నారు. తప్పు ఆయనదేనని నా పుస్తకం నుంచి నేను రుజువు చూపించాలి. పిల్లలు కాళ్ళకు బూట్లు లేకుండా ఆడిన రోజుల నుంచీ, పదకొండు సంవత్సరాలుగా, రూపాయి తీసుకోకుండా జట్టును నడిపిన మనిషి ఆయన. అది అందరికీ తెలుసు. నాకూ తెలుసు. అయినా ఒప్పుకున్నాను.

సోమవారం ఉదయం కాఫీ తాగి పుస్తకం తెరిచాను. మాపై పడిన గోల్సు పదిహేను. రెండు సగాలకూ విడివిడిగా లెక్క కట్టాను. మొదటి సగంలో పన్నెండు, రెండో సగంలో మూడు. మేము వేసినవి నాలుగు, నాలుగూ రెండో సగంలోనే. తప్పు చేశానేమోనని కింది నుంచి పైకి మళ్ళీ కూడి చూశాను. అంతే వచ్చింది.

మేనేజరు పిల్లలతో మాట్లాడేది విరామంలో పది నిమిషాలు. ఆ పది నిమిషాల తరువాత మా జట్టు ఓడిపోయే జట్టు కాదు. మరి నోరులేని మనిషి అని ఎలా అనగలను? నాలుగు గంటలకు మైదానంలోకి దిగేవాళ్ళే బరువుగా దిగుతున్నారు. నాలుగింటికి ముందు వాళ్ళు ఎక్కడుంటున్నారు?

సమం చేసిన ఆట పేజీ తిప్పాను. డివిజనులోకెల్లా గట్టి జట్టు మీద, ఒక్క గోలూ ఇవ్వలేదు. ఆ పేజీలో చేతిరాత నాది కాదు, టైలరుది. ఆ ఆదివారం నేను కడలూరులో పెళ్ళికి వెళ్ళాను. ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

పుస్తకం మూశాను. ఒంటిగంటకు ఆకు వేస్తాను. రెండున్నరకు లేస్తారు. నా ఎదుట ఆకులో మిగిల్చి లేచిన పిల్లవాడు ఇంతవరకూ లేడు. నేను లేవనివ్వను.

మంగళవారం టౌను బస్సులో మేట్టుపాళయం వెళ్ళాను. గోడౌను గుమ్మంలో బస్తాలు లెక్కపెడుతున్న మేనేజరు నన్ను చూసి స్టూలు తెచ్చి వేశాడు.

"నా భోజనం వల్లేనా?" అని అడిగాను.

ఆయన చేతిలోని కాగితం మడిచాడు, విప్పాడు. "అంతా దానివల్లే అని చెప్పలేం పెద్దమ్మా."

"ఎంత దానివల్ల?"

"మొదటి అరగంట."

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్పినా గదా. మీకెందుకు శ్రమ అన్నా."

"ఎన్నిసార్లు?"

"ఐదుసార్లు."

నాకు ఐదూ గుర్తొచ్చాయి. మీకెందుకు శ్రమ అంటే మర్యాదకు అంటున్నాడనుకున్నాను. మన ఇళ్ళల్లో ఆ మాట అన్న మనిషికి ఇంకో గరిటె ఎక్కువ వడ్డిస్తాం. మొదటిసారి అన్నప్పుడు వడ చేర్చాను. రెండోసారికి పాయసం. మూడోసారికి మాంసం మూడు కిలోల నుంచి నాలుగయింది.

"ఊరంతా నిన్ను నోరులేనివాడంటున్నారు," అన్నాను.

"పిల్లల దగ్గర ఉండాది పెద్దమ్మా. మీ దగ్గర యాడ వస్తాది?"

శనివారం మీటింగులో రుజువు చదవమన్నారు. చదివాను. పన్నెండు, మూడు, కడలూరు పెళ్ళి, ఐదుసార్లు అన్న మాట, ఏదీ వదల్లేదు. తప్పు నాదని చెప్పి కూర్చున్నాను. లైన్‌మ్యాను తల గోక్కుని, "అట్లయితే తీసేయాల్సింది మేనేజరును గాదు, మాంసాన్ని," అన్నాడు. ఎదురు చెప్పినవాళ్ళు లేరు. మేనేజరు వెనక బెంచీలో నేల చూస్తూ కూర్చున్నాడు.

ఆదివారం పదకొండింటికి ఒక్కొక్కరికి మూడు ఇడ్లీలు, ఒక అరటిపండు పెట్టాను. పిల్లలు బిక్కమొహాలు వేశారు. ఓడిపోతున్నామని పెద్దమ్మకు కోపం వచ్చిందనుకున్నారట. గోల్‌కీపరు మెల్లిగా, "ఈ ఒక్కసారికి మన్నించండి పెద్దమ్మా," అన్నాడు. గెలిచి రండి, ఆకులు కడిగి పెట్టి ఉంచుతాను అన్నాను.

ఆ ఆట నా పుస్తకంలో రెండు పేజీలు పట్టింది. తొమ్మిదో నిమిషంలో మా మొదటి గోలు. మొదటి సగంలో మేము గోలు వేయడం ఆ సీజనులో అదే ప్రథమం. ఇరవై ఆరో నిమిషంలో రెండోది. బంతి ఎక్కడుంటే అక్కడ మావాళ్ళే ముందుండడం చూసి టైలరు నా గొడుగు లాక్కుని ఊపడం మొదలుపెట్టాడు. నేను ఎండలోనే కూర్చుని రాశాను. రెండో సగంలో వాళ్ళు ఒకటి తిరిగి వేశారు. అరవై మూడో నిమిషంలో మాది మూడోది పడింది. డెబ్భై నిమిషాలకు విజిల్ వేసేసరికి మూడు ఒకటి. పై డివిజనులో మిగిలాం. లైన్‌మ్యాను మేనేజరును భుజాల మీదికి ఎత్తబోతే, ఆయన వద్దని గోల్‌పోస్టు పట్టుకుని వేలాడాడు. పోస్టు వదిలించి మరీ ఎత్తారు.

ఆరున్నరకు మా ఇంట్లో ఆకులు పడ్డాయి. ఐదు కిలోలూ చాలక మళ్ళీ ఎసరు పెట్టాం. లైన్‌మ్యాను భార్య వడ్డిస్తూ, "ఈ దినం ఎవరన్నా మీకెందుకు శ్రమ అంటే ఆకు తీసేస్తా," అంది. మేనేజరు రెండోసారి అన్నం వేయించుకుని, ఒక ముద్ద తిని, నావైపు చూశాడు.

"పెద్దమ్మా," అన్నాడు, "కొళంబులో ఉప్పు ఎక్కువైంది."

వేలితో అద్ది రుచి చూశాను. ఎక్కువే అయింది.