మూడో పిలుపు

మా సైదులు మీద ఒట్టు. ఇందులో ఒక్క ముక్క కల్పించినా నా కళ్లు పోవాలి.

సైదులు నా తమ్ముడు. మర్రిగూడ పక్కన మా ఊళ్లో రాత్రంతా నిద్ర లేకుండా పత్తిచేలల్లో తిరుగుతుంటే, నల్గొండలో ఒక మానసిక రోగుల దవాఖానలో చేర్చాం. దాని పేరు చెప్పి నా నోరు పాడుచేసుకోను. తోడుగా నేనున్నాను.

నిద్ర కోసం తీసుకెళ్తే... అక్కడ నిద్రెక్కడిది? కళ్లలో పొడిచినట్టు ట్యూబులైటు. ఆర్పితే మళ్లీ వేసేవాళ్లు. బయట మందుల బండి... కిర్రు... కిర్రు... రాత్రి సిస్టర్ వచ్చి, మొహాన టార్చి కొట్టి, "సైదులూ!" అని ఒక్కసారి పిలిచేది. పలకకపోతే నిద్రపోయినట్టే లెక్క!

వాడు పలకడు. రాత్రిపూట దయ్యం రెండుసార్లే పిలుస్తుందని, మూడో పిలుపుకే పలకాలని మా అవ్వ బతికున్నప్పుడు నేర్పింది. కళ్లు మూసుకుని, బిగుసుకుపోయి, ఆ మూడో పిలుపు కోసం తెల్లవార్లూ కాచుకునేవాడు.

"మంచిగనే పండుకుంటుండు గదమ్మా. అయినా తగ్గుతలేదు. రేపు పెద్ద సూది ఇయ్యాలె" అన్నాడు డాక్టరు.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఇదివరకు వేరే దవాఖానలో ఆ సూది వేస్తే వాడు నన్నే గుర్తుపట్టలేదు.

"వాడు పండుకుంటలేడు సారూ! మూడుసార్లు పిలిచి సూడుండ్రి, తెలుస్తది!"

సిస్టర్ కిసుక్కున నవ్వింది. "గీ కాలంల గూడ దయ్యాలేందమ్మా?"

చెంప పగలగొట్టాలనిపించింది. కొట్టలేదు. అదే నా బాధ.

ఆ రాత్రి మా గదికి రోజూలాగే బయట తాళం వేశారు. పశువులకు వేసినట్టు. కాసేపటికి కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. నిశ్శబ్దం...

"సైదులూ..."

ఆడగొంతు. వచ్చిందమ్మా మహాతల్లి అని తిట్టబోయాను. కానీ టార్చి వెలుగు లేదు... తాళం తీసిన చప్పుడూ లేదు...

"సైదులూ..."

ఈసారి గదిలోనే. వాడి మంచం కాళ్లవైపు... కిర్రుమంది. ఎవరో మెల్లగా కూర్చున్నట్టు. ఇక పిలవదు, రెండు అయిపోయాయి అనుకున్నాను...

"సైదులూ..."

"ఆఁ" అన్నాడు మా తమ్ముడు.

"పండుకో బిడ్డా. నేను కావలున్న."

వాడి ఊపిరి నెమ్మదించింది. గురక మొదలైంది. ఎన్నాళ్లకు విన్నానో ఆ గురక! భయపడాలో ఏడవాలో తెలియలేదు.

కరెంటు వచ్చింది. మంచం మీద వాడొక్కడే. అప్పుడు తాళం తీసుకుని సిస్టర్ వచ్చింది. టార్చి ఎత్తబోతే చెయ్యి పట్టుకున్నాను. "ఇందాక పిలిచింది నువ్వేనా?"

"నేనా? ఇప్పుడే గద వస్తున్న!"

"అయితే లైటు బందుచేసి పో. వాణ్ని లేపినవో, నీ పానం తీస్త."

పొద్దున వాడు ఆకలన్నాడు. పెద్ద సూది తప్పింది. తన మందే పనిచేసిందని డాక్టరు గొప్పలు చెప్పుకున్నాడు. ఆయన మందట!

ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. హాయిగా నిద్రపోతున్నాడు. రాత్రి అవసరమైతే నేను మూడుసార్లు పిలవాల్సిందే. కానీ ఒక్కోసారి రెండోసారి పిలిచి ఊపిరి తీసుకునేలోపే "ఆఁ" అంటాడు.

"మూడోసారి నేను పిలువనే లేదు గదరా?"

"పిలిచినవ్ గదక్కా" అంటాడు.