హార్డ్ డిస్కుకు పెట్టిన బొట్టు

మా తిరుమణి చేలల్లో శనక్కాయ పంట పోయి సోలార్ పలకలు పరుచుకున్న ఆ రోజుల్లో, ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా ముందు మా అవ్వ చేతికి వెళ్లాల్సిందే. బోరు మోటారు కానీ, మిక్సీ కానీ, సంతలో కొన్న గొర్రె కానీ, పసుపు కుంకుమ పడందే పనిలోకి దిగేది కాదు. ఐదో తరగతితోనే బడి మానేసినవాణ్ణి, సోలార్ ప్లాంటు వచ్చాక దాంట్లో పలకలు కడిగే పనిలో చేరాను. మా చేలో పడే ఎండను తీగల్లో పెట్టి బెంగళూరు దాకా పంపుతారంటే, చేతిలో నీళ్ల పైపు మరిచిపోయి నోరు తెరుచుకుని నిలబడేవాణ్ణి. (మేస్త్రీ తిట్లతో ఆ నోరు మూతపడేది.) మా చెల్లెలు మాత్రం పావగడలో డిగ్రీ చదివింది. అదే ప్లాంటులో కంప్యూటర్ల ముందు కూర్చునే ఉద్యోగానికి అర్జీ పెట్టింది. సోమవారం పొద్దున ఇంటి నుంచే పరీక్ష రాయాలి. ఫోనులో రాస్తే ఒప్పుకోరు, ల్యాప్‌టాప్ ఉండాలి.

ల్యాప్‌టాప్ ఉంది, ఎవరో వాడి వదిలేసిన పాతది. సరిగ్గా శనివారం దాని హార్డ్ డిస్కు టిక్కు టిక్కుమని కొట్టుకుని ఆగిపోయింది. ఆదివారం తెల్లవారగానే బస్సెక్కి వెళ్లి కొత్త డిస్కు తెచ్చాను. అరచేతిలో పట్టే పలుచని డబ్బా. మన ఊరి పెండ్లి ఫోటోలన్నీ దాంట్లో పడతాయని చెల్లెలు చెప్పినప్పటి నుంచి, దాన్ని కోడిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాను.

అవ్వ పళ్లెం తెచ్చింది. డబ్బాను అటూ ఇటూ తిప్పి, ఒక అంచున బంగారంలా మెరిసే సన్నని పళ్లు చూసి, మొగం ఇదేనని తేల్చింది. తడి పసుపు, కుంకుమ అక్కడే పెట్టి కర్పూరం వెలిగించింది. మేమూ దండం పెట్టుకున్నాం. తర్వాత చెల్లెలు ఫోనులో వీడియో చూస్తూ డిస్కును లోపల బిగించింది. విండోస్ ఎక్కించడానికి స్నేహితురాలు ఇచ్చిన పెన్‌డ్రైవ్ గుచ్చి మీట నొక్కింది.

డిస్కే లేదంది ల్యాప్‌టాప్.

కళ్ల ముందే పెట్టిన దాన్ని లేదంటుందేమిటి? ఆపి మళ్లీ వేశాం. బ్యాటరీ తీసి పెట్టాం. స్క్రూలు బిగించాం. పాత డిస్కు పెట్టి చూస్తే, పనిచేయకపోయినా దాని పేరైతే చూపించింది. అంటే తప్పు కొత్తదానిదే. నేను అంగడాయనతో కొట్లాటకు లేచాను కానీ, ఆదివారం మధ్యాహ్నానికే అంగడి మూసేస్తారు. చెల్లెలు కళ్లల్లో నీళ్లు తిప్పుకుంటూ డిస్కును బయటికి తీసి వాకిట్లో ఎండకు పట్టింది. బంగారు పళ్ల నిండా ఎండిన పసుపు. వెంటనే పెన్సిల్ రబ్బరు తెచ్చింది. అవ్వ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఏం మే, రేపు పరీచ్చ పెట్టుకోని ఈ పొద్దు కుంకుమ తుడిసేస్తావా?"

"దాని నోట్లో పసుపు కూరితే అది యాడ పలుకుతాదవ్వా?"

మా ఇంట్లో అవ్వకు ఎదురు చెప్పినవాళ్లను నేను అంతవరకు చూడలేదు. అవ్వ మాటా నిజమే అనిపించింది, చెల్లెలి మాటా నిజమే అనిపించింది. అందుకని గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. అవ్వ కాసేపు ఆలోచించి, పళ్లెం అందుకుని, ల్యాప్‌టాప్ మూత మీద రూపాయి బిళ్లంత బొట్టు పెట్టింది.

"ఇంగ తుడుసుకో. ఒగచోట పెట్టినాకనే ఇంగోచోట తియ్యాల."

చెల్లెలు ఊపిరి బిగబట్టి ఆ పళ్లను ఒక్కొక్కటే రుద్దింది. మళ్లీ బిగించి మీట నొక్కితే, తెర మీద కొత్త డిస్కు పేరు వచ్చింది. ఇల్లంతా నీలం వెలుగు పడింది. పలుచని ఆ డబ్బా మా మాట వినిందని నాకు ఒళ్లు జలదరించింది. అవ్వ మాత్రం తెరను తేరిపార చూసి, "దీని మొగం ఈడ ఉండాది గదరా, ముందే చెప్పకపోతిరి" అని మమ్మల్నే తప్పుబట్టింది.

చెల్లెలికి ఆ ఉద్యోగం వచ్చింది. నేను కడిగిన పలకల్లో ఏ వరుస కరెంటు తక్కువ ఇస్తోందో గదిలో కూర్చునే చెబుతుంది. (ఆ వింత నాకు ఇంకా పాతబడలేదు.) అవ్వ ఇప్పుడు లేదు. మొన్న మా ఇంటికి కొత్త ఇన్వర్టర్ వచ్చింది. పసుపు కుంకుమ కలుపుకుని, ఇంత వయసొచ్చినవాణ్ణి, దాని చుట్టూ తిరిగి తిరిగి, బొట్టు ఎక్కడ పెట్టాలో తెలియక చెల్లెలికి ఫోన్ చేశాను.

"మొగం చూసి పెట్టన్నా" అంది.

ఆ మాటకు నవ్వుకున్నాం. ఫోను పెట్టేసి, ఇన్వర్టర్ మీద లైటు వెలిగే చోటు పక్కన రూపాయి బిళ్లంత బొట్టు పెట్టాను.