నలభై ఏడో నంబరు రాయి

అతని అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప మరెక్కడా కనిపించేది కాదు. కాలేజీలో పిన్నలకూ పెద్దలకూ అతను సానయ్యే. భూగర్భ శాస్త్ర విభాగంలో రాళ్ళను సాన పట్టడం అతని పని. రాతిని బిళ్ళగా కోసి, గాజు పలకకు అంటించి, నీళ్ళూ కార్బోరండం పొడీ వేసి, వేలికొసలతో గుండ్రంగా తిప్పుతూ అరగదీయాలి. వెంట్రుకలో సగం మందానికి వచ్చిందంటే ఎంతటి నల్లబండైనా మొండితనం మాని వెలుతురుకు దారి ఇస్తుంది. అక్కడితో ఆగకుండా ఇంకో రెండు రుద్దులు రుద్దితే బిళ్ళ కాస్తా బురదైపోతుంది. ఎక్కడ ఆపాలో ఏ పుస్తకమూ చెప్పదు, వేలికి తెలియాలి. అలా రుద్దీ రుద్దీ సానయ్య వేళ్ళ మీద ముద్రలు చెరిగిపోయాయి. కొత్తగా పెట్టిన హాజరు యంత్రం అతని వేలిని గుర్తుపట్టనని రోజూ మొరాయిస్తే, ఆఫీసు గుమాస్తా విసుక్కోకుండా లేచి వచ్చి పుస్తకంలో సంతకం పెట్టించుకునేవాడు. లోకంలో అలాంటివాళ్ళు ఉండబట్టే ఏదో ఇలా గడిచిపోతోంది.

అతను చేసిన బిళ్ళలను పక్కగదిలో పిల్లలు మైక్రోస్కోపు కింద పెట్టుకుని "అబ్బ!" అనేవాళ్ళు. ఆ "అబ్బ" అన్నమాట గోడ ఇవతలనుంచి ఇరవై ఏళ్ళు విన్నాడు సానయ్య. ఒకరోజు ఎవరో విద్యార్థిని, "బాబాయ్, నువ్వు చేసినదాన్ని నువ్వెప్పుడైనా చూసుకున్నావా?" అని తను లేచి, కుర్చీ ఇచ్చింది. సానయ్య ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి చూశాడు. బూడిద రంగు రాయి లోపల నీలం, పసుపు, గులాబీ రంగులు. బిళ్ళను తిప్పుతుంటే రంగులు ఆరిపోతున్నాయి, మళ్ళీ వెలుగుతున్నాయి. దేవుడు ఎవరూ చూడనిచోట కూడా పని ఇంత శ్రద్ధగా చేస్తాడా అనిపించింది అతనికి.

ఇంటికి వెళ్ళి, నేనూ ఆ డిగ్రీ చదువుతానన్నాడు. భార్య కుట్టుమిషను ఆపి ఎగాదిగా చూసింది.

"ఇరవై ఏళ్ళు బండరాళ్ళతో కాపురం చేశారు. ఇప్పుడు వాటి పుట్టుపూర్వోత్తరాలు కావలసి వచ్చాయా?"

"కాపురం చేశాకైనా తెలుసుకోవాలి కదా."

"నా పుట్టుపూర్వోత్తరాలు ఏనాడైనా అడిగారా?" అని ఆమె నవ్వింది. నవ్వినా, మర్నాడే పాత లంగా గుడ్డతో పుస్తకాల సంచి కుట్టి పెట్టింది.

నాలుగో తరగతితో ఆగినవాడు ప్రైవేటుగా పరీక్షలు ఒక్కొక్కటీ దాటుకుంటూ డిగ్రీలో చేరేసరికి నలభై అయిదు నిండాయి. పనిచేస్తూ చదివేవాళ్ళకు ఆరేళ్ళ గడువు. ఆరేళ్ళలో అన్ని పేపర్లూ గట్టెక్కకపోతే చదివినదంతా గాలికి పోయినట్టే, మళ్ళీ మొదటినుంచీ రావాలి. క్లాసులో తన పిల్లల ఈడువాళ్ళు అతని కోసం ముందు బెంచీ ఖాళీగా ఉంచేవాళ్ళు. బోర్డు మీద అక్షరాలు ఆనకపోతే పక్కవాడు మెల్లగా చదివి వినిపించేవాడు. శిలాజాల పేపరు మూడుసార్లు తప్పినా ఒక్కరు కూడా ఎగతాళి చేయలేదు. "బాబాయ్, ఆ జీవులు చచ్చి కోట్ల ఏళ్ళయింది, ఇంకా నిన్ను చంపుతున్నాయా?" అని మాత్రం అనేవాళ్ళు. నాలుగోసారికి అదీ పాసయ్యాడు. ఆరో ఏట మిగిలింది ఒక్క ప్రాక్టికల్ పరీక్ష.

"రాళ్ళ పరీక్షేగా? నీకు కళ్ళకు గంతలు కట్టినా ఫస్టే," అన్నారు పిల్లలు.

ఆ మాట వట్టి పొగడ్త కాదు. పరీక్షకు పెట్టే రాళ్ళు నూటపన్నెండు. ఒక్కొక్క దాని మీదా తెల్లరంగు చుక్క, చుక్క మీద నల్ల సిరాతో నంబరు. ఏ నంబరు ఏ రాయో రిజిస్టరులో ఉంటుంది. రిజిస్టరు బీరువాలో ఉన్నా, అందులో ఉన్నది మాత్రం ఏళ్ళ తరబడి సీనియర్లనుంచి జూనియర్లకు చిట్టాగా చేతులు మారుతూ వస్తోంది. పన్నెండు పాలరాయి, ముప్పై అభ్రకం, నలభై ఏడు ఆంఫిబోలైటు. రాయిని చూసేవాడు లేడు, అందరూ నంబరును చూసేవాళ్ళే. సానయ్య కూడా మనిషే. బయటినుంచి కొత్తగా వచ్చిన రాళ్ళను లెన్సు పెట్టి పట్టిపట్టి చదివాడుగాని, ఈ నూటపన్నెండింటి జోలికి పోలేదు. రోజూ దుమ్ము దులిపేవే కదా అనుకున్నాడు.

పరీక్షకు వారం ముందు పెద్ద మేడమ్ దగ్గరికి వెళ్ళాడు. ఆమె విభాగానికి అధిపతి. ఎప్పుడో తను చదువుకున్న రోజుల్లో సానయ్య చేసిన బిళ్ళలు చూసి పాసైన మనిషి.

"ఈసారి పళ్ళేల్లో రాళ్ళు నన్ను సర్దమనకండి మేడమ్. నేను సర్దిన పళ్ళెం ముందు నేనే కూర్చోవడం బాగుండదు."

"నేనే సర్దుతానులే. నువ్వు ప్రశాంతంగా దణ్ణం పెట్టుకుని రా," అంది ఆమె.

పరీక్ష రోజు ఉదయం పటం గీయాలి. కొండ పటం ఇచ్చి, దాన్ని నిలువుగా కోస్తే లోపల పొరలు ఎలా ఉంటాయో గీతలతో చూపించమన్నారు. అక్కడే దెబ్బ తగిలింది. రాతి మీద అంత నేర్పుగా తిరిగే చెయ్యి పెన్సిలు పడితే వంకర గీతలు గీసింది. ఒక పొర తప్పింది, దాని వెంట తక్కినవన్నీ తప్పాయి. ఇంటిదగ్గరనుంచి తెచ్చుకున్న అన్నం డబ్బా మూత తీసి, మళ్ళీ మూసేసి, మెట్ల మీద కూర్చుని లెక్క వేసుకున్నాడు. మొత్తం యాభైలో ఇరవై అయిదు వస్తే గట్టెక్కుతాడు. పటానికి మూడో నాలుగో వస్తే గొప్ప. మిగిలినవి అయిదు రాళ్ళు, రాయికి అయిదేసి మార్కులు. అయిదు రాళ్ళూ సరిగ్గా రాస్తేనే డిగ్రీ.

మధ్యాహ్నం పళ్ళెం ముందుకు వచ్చింది. నాలుగు రాళ్ళు చుట్టాల్లా పలకరించాయి. గబగబా రాసేశాడు. అయిదోది నల్లరాయి, నలభై ఏడు.

ఆంఫిబోలైటు అని రాయబోతూ, అలవాటు కొద్దీ విరిగిన అంచును బొటనవేలితో తడిమాడు. వేలు ఆగిపోయింది. ఆంఫిబోలైటుకు చెక్కకున్నట్టు ఒకవైపుకు పీచు ఉంటుంది. దీనికి పీచు లేదు. లెన్సు తీసి వెలుతురుకు పెట్టి చూశాడు. నలుపులో సన్నటి తెల్ల పుల్లలు, కళ్ళంలో చెదిరిన గడ్డిపరకల్లా ఒకదానికొకటి అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. ఇది డోలరైటు. సందేహం లేదు. డోలరైటు ఉండాల్సింది నలభై ఒకటో నంబరు మీద.

నలభై ఒకటి, నలభై ఏడు. సానయ్య లెన్సు బల్ల మీద పెట్టేశాడు.

ఇరవై రెండేళ్ళ కిందట వానకు కప్పు కారి పాత నంబర్లు చెరిగిపోతే, మళ్ళీ వేసింది తనే. అప్పటి ముసలి ప్రొఫెసరు ఒకటి అంకె నెత్తిన టోపీ పెట్టి రాసేవాడు, ఏడులాగా. సగం చెరిగిన ఆ అంకెలను చూసి, తనకు తోచినట్టు ఒకదాన్ని ఏడు చేశాడు, ఇంకోదాన్ని ఒకటి చేశాడు. పని చక్కగా ఉందని అందరూ మెచ్చుకున్నారు కూడా.

ఇరవై రెండేళ్ళుగా ఆ తప్పు ఎవరికీ తగల్లేదు. ఒక్కరికి తప్ప.

పదకొండేళ్ళ కిందట ఒక అమ్మాయి ఇదే గదిలో ఇదే రాయిని పట్టుకుని, "సార్, ఒక్కసారి దీన్ని చూడండి, ఇది డోలరైటే," అని వాదించింది. అప్పటి పరీక్షకుడు రాయిని చూడలేదు, రిజిస్టరు తెరిచి చూపించాడు. అందరూ నవ్వారు. పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడ్డ సానయ్య, పాపం చదువుకోలేదు కాబోలు అనుకున్నాడు. ఆ పిల్ల ఆ పరీక్ష తప్పింది. మరి కాలేజీకి రాలేదు.

గోడ గడియారం తన మానాన తను నడుస్తోంది. ఆంఫిబోలైటు అని రాస్తే అయిదు మార్కులు, డిగ్రీ. ఆ తరవాత తీరిగ్గా మేడమ్‌తో చెప్పుకోవచ్చు. ఎవరు కాదంటారు? కానీ అతని చేతిలో ఉన్నది డోలరైటు. దేవుడు దాన్ని డోలరైటుగానే చేశాడు. సానయ్య కళ్ళు మూసుకున్నాడు. బలం ఇమ్మని అడిగాడో, క్షమించమని అడిగాడో అతనికే తెలియదు. కళ్ళు తెరిచి, డోలరైటు అని రాసి, ఎందుకో వివరంగా రాసి, కింద ఇంకో వాక్యం చేర్చాడు: "నంబరు తప్పు. వేసింది నేనే."

పరీక్షకుడు వేరే ఊరినుంచి వచ్చిన పెద్దమనిషి. చెడ్డవాడు కాదు. కాగితం చదివి కళ్ళజోడు తీశాడు.

"ఈ రాళ్ళు చూసుకునేది నువ్వే. నంబరు తప్పనేదీ నువ్వే. నేను రిజిస్టరును నమ్మాలా, నిన్ను నమ్మాలా?"

"రాయిని నమ్మండి సార్."

ఆయన రాయిని తీసి చాలాసేపు చూశాడు. "నువ్వన్నదే నిజం కావచ్చు. కానీ జవాబుల పట్టీ సీలు వేసి ఇచ్చారు. ఇక్కడ పనిచేసే మనిషి కోసం దాన్ని దిద్దానంటే రేపు నామీదా నీమీదా కూడా మాట పడుతుంది." రాయిని పళ్ళెంలో పెడుతూ, "పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు చూశావా, అలా అయింది నీ పని," అన్నాడు. ఆ అనడంలో ఎగతాళి లేదు. నిజంగానే బాధపడ్డాడు.

వచ్చినవి ఇరవై మూడు. రెండు తక్కువ.

మర్నాడు సానయ్య ఆ రెండు రాళ్ళనుంచీ చెరో ముక్క కోసి, సాన పట్టి, మేడమ్ బల్ల మీద పెట్టాడు. ఆమె మైక్రోస్కోపులో చూసింది. తల ఎత్తకుండానే, "పదహారేళ్ళుగా నేనే దీన్ని ఆంఫిబోలైటని చెబుతున్నాను సానయ్యా," అంది. ఆ రోజే పరీక్షల ఆఫీసుకు ఉత్తరం రాసింది. నెల తరవాత నాలుగు వరుసల జవాబు వచ్చింది. ప్రకటించిన మార్కులు మార్చరు. అభ్యర్థి గడువు ముగిసింది. మేడమ్ ఆ కాగితం చేతికి ఇవ్వలేక బల్ల మీదే ఉంచింది. సానయ్యే తీసుకుని మడత పెట్టుకున్నాడు.

"మళ్ళీ చేరండి," అంది భార్య ఇంట్లో.

"యాభై ఒకటి నాకు."

"రాళ్ళకు వయసు లేదంటారుగా మీరు."

"నేను రాయిని కాదుగా."

ఆమె ఆ రోజు మిషను ముందు కూర్చుంది గాని కుట్టలేదు.

సానయ్యకు డిగ్రీ పోయినందుకన్నా మరొకందుకు అన్నం సహించడం లేదు. పాత అడ్మిషన్ పుస్తకాలు తిరగేసి ఆ అమ్మాయి చిరునామా పట్టుకున్నాడు. అక్కడ లేదు. పక్కింటివాళ్ళు ఇంకో వీధి చెప్పారు. ఆ వీధి చివర మందుల షాపులో, కౌంటరు వెనక దొరికింది. అప్పుడు ఆమె ఎవరో ముసలాయనకు మందులిస్తోంది. చీటీ చదివింది, మాత్రల అట్ట మీద పేరు చదివింది, మళ్ళీ చీటీ చదివింది, మళ్ళీ అట్ట చదివింది. ముసలాయన సానయ్య వైపు తిరిగి, "ఈ అమ్మాయి ఇంతే బాబూ. నాలుగుసార్లు చూస్తేగాని వదలదు. మహా జాగ్రత్త," అని మెచ్చుకుని వెళ్ళాడు.

"సాన బాబాయ్!" అంది ఆమె. ముఖం విప్పారింది.

సానయ్య దారిపొడవునా కూర్చుకున్న మాటలన్నీ ఒక్కసారిగా పోయాయి. "అమ్మా, ఆ నలభై ఏడో రాయి..." అన్నాడు. ఆమె చేతిలో ఉన్న అట్ట కింద పెట్టింది. మిగిలింది ముక్కలు ముక్కలుగా చెప్పాడు. వాన, చెరిగిన అంకెలు, ఒకటి, ఏడు.

"అయితే నేను రాసింది కరెక్టేనా?"

"కరెక్టేనమ్మా. తప్పు నాది."

ఆమె నవ్వబోయింది, నవ్వు రాలేదు. "ఆ రోజు సార్ ఏమన్నారో తెలుసా బాబాయ్? 'కళ్ళుంటే చాలదమ్మాయ్, చూడటం రావాలి' అన్నారు. ఇంట్లోవాళ్ళు మళ్ళీ రాయమన్నారు. నేనే మానేశా. నాకు చూడటం రాదేమో అని భయం. ఇప్పటికీ అంతే. ఏది చూసినా నా కళ్ళ మీద నాకు నమ్మకం కుదరదు. ఇందాక ఆ తాత జాగ్రత్త అన్నాడే... అది జాగ్రత్త కాదు."

సానయ్య చేతులు జోడించాడు. ఆమె గబుక్కున వాటిని పట్టుకుని దించింది.

"ఛ, పెద్దవాడివి. అయినా ఇన్నేళ్ళ తరవాత ఎలా తెలిసింది నీకు?"

"నేనూ ఆ డిగ్రీ చదివానమ్మా."

"నువ్వా! పాసయ్యావా మరి?"

"లేదు."

"ఎన్నిట్లో పోయింది?"

"ఒక్క రాయిలో."

"ఏ రాయి?" అని అడిగి, అతని ముఖం చూసి ఆగిపోయింది.

కౌంటరు తలుపు తీసి, లోపలి స్టూలు ఇవతలికి తెచ్చి అతని ముందు పెట్టింది. సానయ్య కూర్చోలేదు. కాసేపటికి ఆమే కూర్చుంది.