తిన్నావా అని అడిగితే

మే ఆరో తేదీ, మంగళవారం, ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు మా అక్కను దాచేపల్లిలో ఆమె కొడుకింట్లో దింపాను. నాకు నరసరావుపేటలో కంటి ఆపరేషన్. అక్కకు మతిమరుపు జబ్బు. నాలుగేళ్లుగా నా దగ్గరే ఉంటోంది. ముందురోజు తూకం నలభై ఎనిమిది కిలోలు.

కోడలికి విడమరిచి చెప్పాను. "ఎదురుగా కూర్చుని నువ్వూ తింటా ఉండు. మొదటి ముద్ద చేతిలో పెడితే మిగతాది తనే తింటది. గంటకోసారి నీళ్లియ్యి."

"నాకు తెలీదా ఏంది, చిన్నత్తయ్యా," అంది.

పంతొమ్మిదో రోజున వెళ్లాను. అక్క మంచానికి అతుక్కుని ఉంది. పెదవులు పగిలాయి, బుగ్గలు పీక్కుపోయాయి. తూకం నలభై మూడు.

"అన్నం పెట్టలేదటే?" అని కోడల్ని అడిగాను.

"పెట్టకేం! పూటపూటా అడిగా. తిన్నావా అత్తయ్యా అంటే, ఆఁ తిన్నా అంటది. తిన్న మనిషికి మళ్లా ఎట్టా పెడతాం?"

ఒళ్లు మండిపోయింది. ఆ ప్రశ్నకు మన వైపు ఇంకో జవాబుందా? కడుపు కాలుతున్నా తిన్నామనే అంటాం, ఎదుటివాళ్లను ఇబ్బంది పెట్టకూడదని. అక్క అన్నీ మరిచింది, ఆ మర్యాద ఒక్కటి మరవలేదు. దాన్ని పట్టుకుని పస్తులుంచారు.

"మరి నీళ్లు?"

"పక్క తడుపుతోందని సాయంత్రం నాలుగు దాటితే ఇవ్వట్లా. ఉతికేది నేనేగా!"

"ఈ ఎండల్లో గేదెనైనా అట్టా ఎండబెట్టరు కదే!"

కొడుకు అడ్డం వచ్చాడు. "అరవబాక పిన్నీ. ముసలోళ్లకి ఆకలుండదు."

"ఉండదా? చూడు."

ముందు గుక్క గుక్కగా నీళ్లు తాగించాను. గోంగూర అన్నంలో నెయ్యి ఎక్కువ వేసి కలిపి, నేనొక ముద్ద తిని, ఒకటి అక్క చేతిలో పెట్టాను. వాసన చూసింది. నా నోటి వంక చూసింది. పదకొండు ముద్దలు తింది. ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. ఆ ఇంట్లో ఎవరికీ ఆ ఇరవై అయిదు నిమిషాలు దొరకలేదు.

నన్ను నేనూ వదలను. రోజూ ఫోన్‌లో "అక్కా, తిన్నావా?" అని అడిగింది నేనే. ఆమె "తిన్నా" అంటే, ఆమె తిండీ తూకం రాసే పుస్తకంలో తిన్నదని రాసుకున్నాను. పద్దెనిమిది సార్లు.

అయిదు కిలోలు పోయాయి. మా ఇంటికి తిరిగి తెచ్చుకున్నాక, ఆగస్టుకు మూడు తిరిగొచ్చాయి. లేచి వాకిట్లోకి నడిచేది, ఇప్పుడు నడవదు. గ్లాసు తనే పట్టుకునేది, ఇప్పుడు నేను పట్టాలి. నన్ను చెల్లీ అని పిలిచేది. పిలవడం లేదు.