మూడు వేళ్ళ ఆట

మొన్న కడపలో కంటి డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చోనుంటే, పక్క కుర్చీలోని పెద్దాయన నా చేతినే చాలాసేపు చూసి, ఏమప్పా, తబలా వాయిస్తావా అని అడిగినాడు. చూసుకుంటే నా కుడిచేతి బొటనవేలూ చిటికెనవేలూ కుర్చీ మీద ఒకేసారి పడి లేస్తాన్నాయి. నాకు సిగ్గేసి చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాను. ఈ అలవాటు ఎక్కడిదని నా భార్య పెళ్ళయిన కొత్తల్లో అడిగి అడిగి విసిగి ఊరుకుంది. మీరంతా నా ఈడువాళ్ళే, ఆ కాలం ఎరిగినవాళ్ళే, మీకు చెబుతాను.

ఇంటర్ చదవడానికి పత్తికొండ నుంచి కర్నూలు వచ్చి పెద్దమ్మ ఇంట్లో ఉన్న రోజులవి. వీధి చివర రేకుల షెడ్డులో ఒక భాయ్ వీడియో గేముల అంగడి పెట్టినాడు. మనిషంత ఎత్తు పెట్టెలు, ముందర స్టూళ్ళు, తిరుగుతాదే గానీ గాలి రాని ఫ్యాను, ఏప్రిల్ ఎండకు చేతులంటుకునే బటన్లు, అదే మాకు స్వర్గం. కొట్లాట ఆటలోని మనుషుల అసలు పేర్లు ఏ భాషవో మాకెవరికి తెలుసు, మేమే గుండోడు, జడామె అని పెట్టుకున్నాం. ఎవరూ ముట్టనివాడు ఒకడుండేవాడు, ముసలోడు. వాడు కట్టె పట్టుకొని, కొట్టొచ్చేవాడికి వీపు చూపించి నిలబడతాడు. బటన్లు టపటపా కొడితే కదలనే కదలడు, తన్నులు తిని చస్తాడు.

ఆ ముసలోణ్ణి ఆడించగలిగినవాడు మా పెద్దమ్మ కొడుకొక్కడే. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. మంగంపేట గనుల్లో పనికి పోయి, రాయి కింద పడి కుడిచేతి చివరి రెండు వేళ్ళు పోగొట్టుకున్నాడు, తర్వాత కాటా దగ్గర కూర్చునే పని ఇచ్చినారు. పదిహేను రోజులకొకసారి ఇంటికొచ్చి, అమ్మ చేతి ముద్ద తిని, నన్ను వెంటేసుకొని నేరుగా అంగడికి పోయేవాడు. ఆ చెయ్యితో గబగబా కొట్టడం కుదరదు గదా, ఒక బటన్ నొక్కి పట్టుకోవడమే కుదురుతాది. అట్ల పట్టుకొని పట్టుకొని, అవతలివాడు చెయ్యెత్తిన క్షణాన వదిలితే ముసలోడు తిరక్కుండానే కట్టెతో ఒక్కటిస్తాడని అన్న కనిపెట్టినాడు. ఎంత ఓర్పు కావాలో ఆ ఆటకు!

నాకు నేర్పింది ఆయనే. నా వేలు ఆగేది కాదు, తొందరపడి వదిలేసేవాణ్ణి. అన్న తన మూడు వేళ్ళ చెయ్యి నా చేతిమీద పెట్టి అదిమి, ఆగురా, ఇంకా ఆగు, వాడే వస్తాడు అనేవాడు. ఆ చేతి బరువు, వేళ్ళు పోయినచోట నునుపైన చర్మం నాకిప్పటికీ తెలుస్తాది. ముసలోడి కాళ్ళకు ఎవరన్నా కొడితే కాచుకోవడానికి రెండు చివర్లలోని బటన్లు ఒకేసారి నొక్కాల, బొటనవేలు ఒక దిక్కు, చిటికెనవేలు ఒక దిక్కు. ఇదొక్కటి నాకు రాదురా, ఎవరికీ చెప్పాకు, నువ్వు మాత్రం నేర్చుకో అని తనకు చేతగానిది కూడా దగ్గర కూర్చోని నేర్పించినాడు.

ఒక ఆదివారం పొద్దున్నుంచీ నేను ఓడకుండా స్టూలు మీదే ఉన్నాను. కాలేజీ పిల్లకాయలు చుట్టూ మూగి ఈలలేస్తాన్నారు, నాకు కళ్ళు నెత్తికెక్కినాయి. అన్న బస్సు దిగి సంచీ భుజాననే పెట్టుకొని వచ్చి, నవ్వుతా పక్క స్టూలు మీద కూర్చున్నాడు. ఇద్దరం ముసలోణ్ణే ఎంచుకున్నాం. మొదటి ఆట ఆయనది, రెండోది నాది. మూడోదాంట్లో నాకు ఓటమి కనపడింది, అంతే, కాళ్ళకు కొట్టినాను. ఆయన కాచుకోలేకపోయినాడు. మళ్ళీ కాళ్ళకే, మళ్ళీ కాళ్ళకే. అన్న తెర చూడడం మానేసి నా మొహం చూసినాడు. నేను తెర మీంచి కళ్ళు తిప్పలేదు.

కొట్లాటలు బయటికి రాకూడదని, ఓడినోడు గెలిచినోడికి చెయ్యి కలపాలని భాయ్ రూలు పెట్టినాడు. అన్న ఎడమ చెయ్యి చాపినాడు. అది కాదన్నా, ఆ చెయ్యి ఇయ్యి అని ఎవడో అన్నాడు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. అన్న కుడిచెయ్యి ఇచ్చినాడు, నేను పట్టుకున్నాను, సంచీ తీసుకొని వెళ్ళిపోయినాడు.

ఆయన నాతో మాట్లాడ్డం మానలేదు, పెళ్ళికి పిలిచినాడు, నా ఉద్యోగానికి పదిమందికి చెప్పినాడు. అడుగుదామని ప్రతిసారీ అనుకునేవాణ్ణి, నన్ను క్షమించన్నా అనే రెండు మాటలు నోటికొచ్చేవి కావు. ఆయన కుడిచెయ్యి మాత్రం జేబులోనో టవలు కిందో ఉండేది. వయసొచ్చినాక అందరి దగ్గరా అట్లే ఉంటాడేమోలే అని నన్ను నేను నమ్మించుకున్నాను.

పోయినేడాది జబ్బు చేసి అన్న పోయినాడు. పోయి చూస్తే చేతులు రెండూ ఎదమీద చేర్చి బొటనవేళ్ళు కట్టినారు. అన్నేళ్ళ తర్వాత ఆ చెయ్యి చూడడం అదే. వదిన ఏడ్చి ఏడ్చి, నా దిక్కు తిరిగి, మా అందరి ముందరా ఆ చేత్తోనే కలుపుకొని తింటాండె, నువ్వొస్తే మాత్రం స్పూను అడుగుతాండె, ఎందుకప్పా అని అడిగింది. తెలీదు వదినా అన్నాను. అబద్ధం.

ఇప్పటి పిల్లలు ముక్కూ మొహం తెలియనివాళ్ళతో ఫోన్లో కొట్లాడతారు, అయిపోతే పక్కన పడేసి అన్నానికి లేస్తారు. ఇదేం ఆటరా అని ఒకప్పుడు వెక్కిరించేవాణ్ణి, ఇప్పుడు వాళ్ళను చూస్తే కుళ్ళుగా ఉంటాది. నిన్న గెలిచింది వాళ్ళకు ఈరోజు గుర్తుండదు. నేనూ ఆ అంగట్లో వందల ఆటలు గెలిచినాను, ఏదీ గుర్తు లేదు. ఆ ఒక్కటి మాత్రం ఇంకా అయిపోలేదు, రోజూ గెలుస్తానే ఉండాను.