మూడుసార్లు అడిగే ఉబోన్

కనురెప్పల ఆపరేషన్‌కు ముందు నర్సు ఉబోన్ కళ్ళద్దాలు నుదుటిమీదికి తోసుకుని, ఒకటే ప్రశ్న మూడుసార్లు అడుగుతుంది: "రెప్పవెంట్రుకలు పెరగడానికి మందేమైనా రాస్తున్నావా?" ఈ ఉదయం పింగ్ అనే అమ్మాయి మూడుసార్లూ లేదంది. ఆమె రెప్పవెంట్రుకలేమో కనుబొమలదాకా పెరిగాయి, రెప్పల అంచులు ఎర్రగా కందాయి. ఉబోన్ చెయ్యి చాపింది. చివరికి పింగ్ సంచిలోంచి చిన్న సీసా బయటికొచ్చింది.

"ఇది మందేంటక్కా, మేకప్పే కదా!"

"కంటికి రాసేదేదైనా మాకు చెప్పాలే తల్లీ! ముందు ఇది ఆపు. ఎరుపు తగ్గాక డాక్టరమ్మ చూసి చెప్తారు."

"జ్యోతిష్కుడు ఆపరేషన్‌కు సరిగ్గా తొమ్మిది గంటల తొమ్మిది నిమిషాలకు ముహూర్తం పెట్టాడక్కా!"

బాంకాక్‌లో సగం క్లినిక్కులకు ముహూర్తాలు పెట్టేది ఆయనే. ఆయన నంబరు ఉబోన్‌కు నోటికొచ్చు; ముహూర్తం మార్పించడానికి వెంటనే ఫోన్ చేసింది. ఫోనెత్తగానే ఆయన గొంతులో విసుగే.

"మళ్ళీ రెప్పల మందేనా, ఉబోన్?"