నాడా ఉంగరం, సరస్సు బురద

మిషిగన్‌లో ఎమ్మెస్ చదువుతున్నప్పటి మాట ఇది. సరస్సుల అడుగున ఉండే కొన్ని బ్యాక్టీరియాలు తమ ఒంట్లో అయస్కాంత రేణువులు తయారుచేసుకుంటాయి. అవి చచ్చినా ఆ రేణువులు బురదలో మిగిలిపోతాయి. ఆ బురదకున్న అయస్కాంత బలాన్ని కొలవడమే నా థీసిస్.

నాకు ఏలినాటి శని అని అమ్మ గుర్రపు నాడాతో ఇనుప ఉంగరం చేయించి పెట్టింది. అది తగిలి గ్లవ్స్ చిరిగిపోతుంటే, గ్లవ్సే విప్పేసి ఉంగరమున్న చేత్తోనే బురదను డబ్బీల్లో నింపేదాన్ని. మెషిన్‌లో పెడితే ల్యాబ్‌లో ఎవరికీ రానంత బలం చూపించింది. ప్రొఫెసర్ మురిసిపోయి, డిపార్ట్‌మెంట్ అందరి ముందూ మాట్లాడమన్నారు.

నేను ముగించగానే మా ల్యాబ్ సీనియర్, గుంటూరు శ్రీకాంత్ అన్న లేచాడు.

"చెల్లెమ్మా, ఆ రింగ్ ఓసారి ఇవ్వు" అన్నాడు తెలుగులో.

ఇచ్చాను. దాన్ని కాగితం మీద ఆకురాయితో గీరి, కాగితం కింద అయస్కాంతం తిప్పాడు. రాలిన ఇనుప పొడి దాని వెంట పరిగెత్తింది.

"మీట్ హర్ బ్యాక్టీరియా" అన్నాడు అందరికీ చూపిస్తూ.

హాలంతా గొల్లుమంది. ప్రొఫెసర్ కూడా నవ్వారు. నా ఏడాది పని చెత్తబుట్టలో పడింది.

"ముందే చెప్పొచ్చు కదన్నా" అన్నాను బయటికొచ్చాక, ఏడుస్తూ.

"ఫస్ట్ డేనే చూశాను. అప్పుడే చెప్పేస్తే ఇంత ఫన్ మిస్సయ్యేవాళ్లం కదా!"

ఉంగరం తీసేశానని ఫోన్‌లో చెబితే అమ్మ భయపడిపోయింది. "అది లేకపోతే శని దగ్గరికొస్తాడే!" అంది. ఏడాదిగా నా పక్క బల్ల దగ్గరే కూర్చుని, నా డబ్బాలో పులిహోర తింటున్నాడని అమ్మకి ఎలా చెప్పను?